బోధించే వారికి బోధన: గండి నుండి మన ఉర్దూ బడి దాకా

సర్వలోకాలను పోషించే అల్లాహ్‌కు సకల స్తుతులు. మన సంక్షేమ సంఘం వారు ఈ యేటి సంచికకు చదువు గురించి నాలుగు మాటలు వ్రాయమని కోరారు. పిల్లల చదువు గురించి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. ఆ పిల్లలకు చదువు చెప్పే అయివారి చదువు గురించి వ్రాసినవారు మాత్రం తక్కువ. మేము ఇరవై ఏళ్ళకు పైగా ఉర్దూ మాధ్యమం బడిలో సుద్దముక్క పట్టిన వాళ్ళము గనుక ఆ కథే చెప్పదలచుకున్నాము. ఇది ఎక్కడో లండన్‌లోనో ఢిల్లీలోనో మొదలయ్యే కథ కాదు. మన వేంపల్లె పక్కన, గండిలో మొదలవుతుంది.

గండి తోరణం

పాపాఘ్ని నది కొండల వరుసను నిలువునా చీల్చుకొని మైదానంలోకి దిగే చోటు గండి. అక్కడి ఆంజనేయస్వామి గుడి, శ్రావణ శనివారాల తిరునాళ్ళు మనందరికీ తెలిసినవే. లంక నుండి తిరిగివచ్చే శ్రీరాముడికి స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. ఆ తోరణం అందరికీ కనబడదట. మహానుభావులకు, అదీ వారి అంత్యకాలం దగ్గరపడినప్పుడే కనబడుతుందట. మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో ఈ దారిన పోతూ తల ఎత్తి, ఆ తోరణం ఎవరు కట్టారని అడిగాడనీ, వెంట ఉన్నవారికి ఏమీ కనబడలేదనీ, కొద్ది రోజులకే ఆయన కన్నుమూశాడనీ మన పెద్దలు చెప్పేవారు. 1875లో కడప జిల్లా మాన్యువల్ వ్రాసిన గ్రిబుల్ దొర కూడా ఈ కథను అందులోకి ఎక్కించాడు.

కథ మాట ఎలా ఉన్నా చరిత్ర ఇది. నైజాము నవాబు 1800లో కుంఫిణీ వారికి అప్పగించిన దత్తమండలాలకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చి, 1807 వరకు ఈ నేలంతా తిరిగాడు. 1820లో మద్రాసు గవర్నరయ్యాడు. 1827 జూలై 6న పత్తికొండలో కలరా సోకి మరణించాడు. రైత్వారీ పన్ను విధానం పెట్టినవాడుగా ఆయన పేరు అందరికీ తెలుసు. పంతుళ్ళమైన మేము ఆయనను తలచుకోవడానికి కారణం వేరే ఉన్నది.

1822లో మన్రో మద్రాసు రాజధానిలోని కలెక్టర్లందరికీ ఒక ఉత్తరువు పంపాడు. మీ జిల్లాలో బడులెన్ని, చదివే పిల్లలెందరు, ఏ కులం వారు, ఏ మతం వారు, అయివార్లకు ఏమి ముడుతున్నది, అన్నీ లెక్క వ్రాసి పంపమన్నాడు. జవాబులన్నీ చేరడానికి మూడేళ్ళకు పైనే పట్టింది. 1826 మార్చి 10న ఆయన వాటి సారాంశం వ్రాశాడు. 1,28,50,941 మంది జనాభాకు బడులు 12,498, చదివే పిల్లలు 1,88,650 మంది అని తేలింది.

మన్రో లెక్కతో ఆగలేదు. చదువు ఎందుకు ఎదగలేదని అడిగాడు. పిల్లవాడు నెలకు నాలుగణాల నుండి ఆరు, ఎనిమిది అణాల దాకా ఇస్తాడు. అయివారికి అన్నీ కలిపి ఆరేడు రూపాయలకు మించి గిట్టదు. ఆ పాటి రాబడికి చదువుకున్నవాడు ఈ వృత్తిలోకి రాడు. వచ్చినవాడికేమో తనకే సరిగా రాదు. ఇదీ ఆయన తేల్చిన మాట. అంటే తప్పు పిల్లల తెలివిలో లేదు, పంతులుకు ఆసరా లేకపోవడంలో ఉన్నదన్నమాట.

ఇరవై ముస్లిం బడుల పథకం

ఆయన వేసిన పథకాన్ని మన సోదరులు శ్రద్ధగా వినవలెను. ఒక్కొక్క కలెక్టరేటుకు రెండు పెద్ద బడులు ఉండాలి, ఒకటి హిందువులకు, ఒకటి ముస్లింలకు. అంటే 20 కలెక్టరేట్లకు 20 ముస్లిం బడులు. వాటి అయివార్లకు నెలకు 15 రూపాయలు. తర్వాత తహశీలుకొకటి చొప్పున 300 చిన్న బడులు, వాటి అయివార్లకు 9 రూపాయలు. మద్రాసులో పుస్తకాలు అచ్చువేసే సంఘానికి, అయివార్లను తయారుచేసే బడికి కలిపి నెలకు 700. మొత్తం నెలకు 4,000, ఏడాదికి 48,000 రూపాయలు.

ఇందులో గొప్ప మాట జీతం కాదు. పిల్లల బడి కంటే ముందు పంతుళ్ళ బడి ఉండాలన్నాడు చూడండి, అదీ గొప్ప మాట. జిల్లాల నుండి మనుషులను మద్రాసుకు పిలిపించి, నేర్పించి, తిరిగి వారి ఊళ్ళకు పంపాలని ఆయన ఉద్దేశం. పంతుళ్ళు దొరికే కొద్దీ తహశీలు బడులు పెంచుకుంటూ పోదామని కూడా వ్రాశాడు.

ఆ మరుసటి ఏడే మన్రో పోయాడు. కొన్ని తాలూకాలలో బడులు తెరిచారు గాని, నేర్చిన పంతుళ్ళు తయారు కాలేదు. ఇంతలో 1835లో దొరతనం వారి మనసు ఇంగ్లీషు ఉన్నతవిద్య వైపు మళ్ళింది. మరుసటి ఏడు ఆ కలెక్టరేటు బడులు, తహశీలు బడులు ఎత్తివేశారు. పదేళ్ళకే పథకం పడుకున్నది. జీతం ఏర్పాటయింది, బడి తెరుచుకున్నది, లోపలికి పోయి చెప్పగలిగినవాడు మాత్రం సిద్ధంగా లేడు. ఈ ఒక్క సంగతి పాఠకులు గుర్తుంచుకుంటే చాలు, ఆ తర్వాతి రెండు వందల ఏళ్ళ కథ సులువుగా బోధపడుతుంది.

కాగితం మీద శిక్షణ

1854 నాటి ఉడ్ నివేదిక పంతుళ్ళకు శిక్షణాలయాలు ఉండాలన్నది. 1882లో హంటర్ కమిషన్ ముస్లింల చదువు గురించి ప్రత్యేకంగా సిఫారసులు చేస్తూ, అవసరమైన చోట్ల ముస్లిం ఉపాధ్యాయుల కోసం నార్మల్ స్కూళ్ళో, తరగతులో పెట్టాలని వ్రాసింది. మన పిల్లల భాష తెలిసినవాడే వాళ్ళకు చెప్పాలన్న సంగతి 1882 నాటికే దొరలకు తట్టింది.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లోనే మన పక్క జిల్లా కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ గారు ఉస్మానియా కళాశాల స్థాపించి సీమ ముస్లిం యువకులకు పైచదువు దారి తెరిచారు. ఆ దారిన నడిచి పంతుళ్ళయిన వారు మన తాలూకాలలో తక్కువ మంది కారు. 1966లో కొఠారీ కమిషన్, ప్రతి ఉపాధ్యాయుడికీ అయిదేళ్ళ కొకసారి రెండు మూడు నెలల పునశ్చరణ చదువు ఉండాలన్నది. 1967లో హైదరాబాదులో రాష్ట్ర విద్యా పరిశోధన శిక్షణ మండలి ఏర్పడింది. 1986 జాతీయ విద్యా విధానం జిల్లాకొక శిక్షణ సంస్థ ఉండాలన్నది. దానినే డైట్ అంటున్నాము. మన కడప జిల్లా డైట్ రాయచోటిలో పెట్టారు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు రాయచోటి అన్నమయ్య జిల్లా కేంద్రమయింది.

చూడండి, మన్రో నాటి మద్రాసు నుండి రాయచోటి దాకా, పంతులు బడి మెల్లగా మన ఊరి వైపు నడిచి వచ్చింది. ఇంకా తరగతి గది గడప తొక్కవలసి ఉన్నది. ఆ ప్రయత్నం కూడా ఒకసారి జరిగింది. అది మేము పిల్లలుగా కళ్ళారా చూసిన సంగతి.

దారం మీద బొమ్మలు

1980లలో బ్రిటన్ ప్రభుత్వ సాయంతో మన రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం మొదలయింది. మొదట కొన్ని జిల్లాలలో పరీక్షించి, 1989 నుండి 1996 వరకు రాష్ట్రమంతటా అమలు చేశారు. పంతుళ్ళందరూ దానిని పొడి అక్షరాలతో ఏ.పి.పి.ఇ.పి. అనేవారు. దాని సూత్రాలు ఆరు. పాఠానికి తగిన పనులను ఉపాధ్యాయుడే తయారుచేయడం, పిల్లలు చేసి, వెదికి నేర్చుకోవడం, ఒంటరిగానూ, జట్టుగానూ, తరగతి మొత్తంగానూ పని జరపడం, పిల్లల మధ్య తేడాలను గమనించి నడవడం, చుట్టుపక్కల దొరికే వాటిని వాడుకోవడం, పిల్లల పనిని గోడ మీద ప్రదర్శించడం. శిక్షణ ఒకసారి ఇచ్చి వదలకుండా, దగ్గర దగ్గర బడుల పంతుళ్ళు టీచర్ సెంటర్‌లో కలుసుకొని, ఏమి చేశాము, ఏమి కుదరలేదు అని మాట్లాడుకోవాలని ఏర్పాటు. ఈ దేశంలో పంతుళ్ళ కోసం ఇంత పెద్ద ఎత్తున జరిగిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి.

1991 ప్రాంతంలో మేము ఉర్దూ బడిలో నాలుగో తరగతి. మా ఉస్తాద్ గారు ఒక సెలవుల తర్వాత శిక్షణ నుండి తిరిగి వచ్చారు. అప్పటిదాకా ఆయన చేతిలో ఉండేది వేపబెత్తం. ఆ రోజు పురికొస ఉండ తెచ్చారు. గోడకు ఈ మూల నుండి ఆ మూలకు దారం కట్టి, మేము వేసిన బొమ్మలు చీపురు పుల్లలతో గుచ్చి వేలాడదీశారు. తర్వాత మమ్మల్ని పాపాఘ్ని ఇసుకలోకి తోలుకొనిపోయి గులకరాళ్ళు ఏరించారు. పదేసి రాళ్ళు ఒక గుడ్డలో మూట కట్టించారు. పది మూటలయితే ఒక సంచి. వందలు, పదులు, ఒకట్లు అంటే ఏమిటో మాకు ఆ నాడు అర్థమయింది. అంతకు ముందు ఏడాదంతా పలక మీద గీతలు గీసి అవే చదివాము, ఏమీ తలకెక్కలేదు.

ఆ ఉస్తాద్ గారు ముందు చెడ్డ పంతులు, తర్వాత మంచి పంతులు అయ్యారని కాదు. ఆయన ఎప్పుడూ మంచివారే. ఆయనకు ఎవరో చేసి చూపించారు, చేయమన్నారు, మళ్ళీ కలుద్దామన్నారు. అంతే తేడా. కొన్నేళ్ళకు ఆ కలయికలు పలచబడ్డాయి. 1996లో పథకం ముగిసింది. మేము పెద్దయి ఒకసారి ఆ బడికి పోతే గోడకు దారం మాత్రం అలాగే ఉన్నది, బొమ్మలు లేవు. చాలా చోట్ల ఇదే జరిగింది. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టడం మిగిలింది, జట్టుగా పని చేయించడం పోయింది.

ఇదే కాలంలో మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వారు తమ చుట్టుపక్కల పల్లెల్లో చిన్న బడులు పెట్టి వేరొక దారి తొక్కారు. ఒకే గదిలో నాలుగైదు తరగతుల పిల్లలు ఉండే బడికి, పాఠాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టి, మెట్టుకొక కార్డు వ్రాసి, నిచ్చెన లాగా అమర్చారు. ఎవరి వేగంతో వారు ఎక్కుతారు. పంతుళ్ళు శిక్షణకు వస్తే ఉపన్యాసం వినిపించరు, నడుస్తున్న పల్లె బడిలోకి తీసుకుపోయి కూర్చోబెడతారు. 2003లో చెన్నై కార్పొరేషన్ పంతుళ్ళు అక్కడికి వచ్చి చూసి, ఆ పద్ధతిని తమ బడులకు తీసుకుపోయారు. తర్వాత అది తమిళనాడు అంతటా పాకింది. మన సీమ నుండి పొరుగు రాష్ట్రం నేర్చుకుపోయిన విద్య ఇది.

మేము నేర్చుకున్నది

ఇక మా సంగతి. మేము ఉద్యోగంలో చేరిన తర్వాత చాలా శిక్షణలకు పోయాము. సంతకం పెట్టాము, టీ తాగాము, నోట్‌బుక్కు తెచ్చుకున్నాము. చెప్పేవారు మంచివారే. అయితే చెప్పేది తెలుగులో, కాగితాలు తెలుగులో. మేము దానిని మనసులో ఉర్దూలోకి మార్చుకొని, మళ్ళీ పిల్లల ఇంటి మాటలోకి దించుకోవాలి. ఈ రెండు మడుగులు దాటేలోపల సగం కారిపోయేది.

ఒక ఏడు మూడు రోజుల లెక్కల శిక్షణ ముగించుకొని వచ్చి, అయిదో తరగతికి భిన్నాలు చెబుతున్నాము. శిక్షణ బాగా ఉపయోగపడిందని ఫారం కూడా నింపి ఇచ్చి వచ్చాము. బోర్డు మీద షుమార్‌కునిందా, నసబ్‌నుమా అని పెద్ద అక్షరాలతో వ్రాశాము. తెలుగు బడిలో లవం, హారం అంటారే, అవి. మన పిల్లల ఇళ్ళలో మాట్లాడేది దక్కనీ. ఈ మాటలు వాళ్ళ అమ్మ నోట ఏనాడూ విననివి. మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా అని అడిగితే తరగతి మొత్తం నాలుగో వంతే పెద్దదన్నది. మూడు కంటే నాలుగు పెద్దది కదా మరి! మాకు కోపం వచ్చింది. పిల్లలను తిట్టాము.

ఆ రోజు పక్క బడి సీనియరు టీచరమ్మ, మేమందరం ఆపా అని పిలిచే ఆవిడ, ఏదో పని మీద వచ్చి వెనుక బల్ల మీద కూర్చొని ఉన్నారు. మధ్యాహ్నం ఆవిడ తన డబ్బాలోంచి రెండు రొట్టెలు తీసి, ఒకటి మూడు ముక్కలు, ఒకటి నాలుగు ముక్కలు చేసి పిల్లల ముందు పెట్టారు. ఎందులో నీ వంతు ఎక్కువ అని ఒక అమ్మాయిని అడిగారు. ఆ పిల్ల తడుముకోకుండా, “చార్ జనే ఖాయే తో మేరెకు కమ్ ఆతా” అన్నది. నలుగురు తింటే నాకు తక్కువొస్తుందని. మూడు రోజుల శిక్షణలో మాకు దక్కనిది మూడు నిమిషాలలో దక్కింది.

పోతూ పోతూ ఆపా మమ్మల్ని పక్కకు పిలిచి ఇంకో మాట చెప్పారు. “నలభై నిమిషాల్లో నువ్వు పదకొండు ప్రశ్నలు అడిగితివి భాయ్. తొమ్మిది ముందు రెండు వరసలకే. వెనక కూర్చున్న ఆడపిల్లలను ఒక్కటీ అడగలా.” మాకు తల కొట్టేసినట్లయింది. ఆ వెనుక వరసలో ఒక పిల్ల ఆ ఏడే బడి మానేసింది. కారణాలు ఇంటి దగ్గర ఉండవచ్చు. మేము మాత్రం ఆ పిల్లను ఏడాదిలో ఎన్నిసార్లు పేరు పెట్టి పిలిచామో లెక్క చెప్పలేకపోయాము. పంతులుకు నేర్పేవారు లేకపోతే ఆ నష్టం పంతులుది కాదు, పిల్లది. అందుకే ఈ వ్యాసం.

లోకం ఏమంటున్నది

ఆపా చేసిన పనికి జపానులో వందేళ్ళకు పైబడిన సంప్రదాయం ఉన్నది. అక్కడ ఒక బడి పంతుళ్ళు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు. ఒకరు చెబుతారు, మిగతావారు గోడ పక్కన నిలబడి పిల్లలు ఏమి చేస్తున్నారో వ్రాసుకుంటారు. తర్వాత అందరూ కూర్చొని ఆ పాఠాన్ని దిద్దుకుంటారు. అక్కడ పరీక్షకు నిలిచేది పాఠమే, పంతులు కాదు. అందుకే ఎవరికీ చిన్నతనం ఉండదు.

2007లో అమెరికాలో పరిశోధకులు ఈ విషయం మీద 1,300కు పైగా అధ్యయనాలను జల్లెడ పట్టారు. గట్టి ఆధారంతో నిలిచినవి 9 మాత్రమే. వాటిలో 14 గంటలు, అంతకు తక్కువ శిక్షణ వల్ల పిల్లల చదువులో చెప్పుకోదగిన మార్పు కనబడలేదు. సగటున 49 గంటల దాకా సాగిన శిక్షణలు పొందిన పంతుళ్ళ పిల్లలు మాత్రం స్పష్టంగా ముందుకు పోయారు. మన 2020 జాతీయ విద్యా విధానం కూడా ప్రతి ఉపాధ్యాయుడికీ ఏడాదికి 50 గంటల అభ్యసనం ఉండాలన్నది. 2019లో మొదలయిన నిష్ఠా శిక్షణ, ఫోనులో చూసే దీక్షా పాఠాలు ఆ దారిలోనివే. అయితే ఫోను ముందు గడిపిన గంట, తోటి పంతులు మన తరగతిలో కూర్చున్న గంట, రెండూ ఒకటి కావని మా అనుభవం.

ఉర్దూ పంతుళ్ళ కోసం ప్రత్యేకంగా ఏమీ లేదనడం కూడా అన్యాయమే. 1998లో హైదరాబాదులో మౌలానా ఆజాద్ పేరిట జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. 2006-07 ప్రాంతంలో అక్కడ, అలీగఢ్‌లో, ఢిల్లీ జామియా మిల్లియాలో ఉర్దూ మాధ్యమ ఉపాధ్యాయుల వృత్తి వికాసానికే కేంద్రాలు తెరిచారు. 2022లో మన రాష్ట్రం ఉర్దూను రెండవ అధికార భాషగా చట్టం చేసింది. మంచిదే. కాని వేంపల్లె పంతులుకు హైదరాబాదు ఒక రాత్రి బస్సు ప్రయాణం. మన్రో నాటి పంతులుకు మద్రాసు ఎంత దూరమో, మనకు అది ఇంచుమించు అంతే.

మన సంఘం చేయదగిన పని

మన సంఘం ఏటా నోటు పుస్తకాలు పంచుతున్నది, మార్కులు తెచ్చిన పిల్లలకు బహుమతులు ఇస్తున్నది. అల్లాహ్ ఆ పుణ్యం స్వీకరించుగాక. దానికి తోడు మేము కోరేవి మూడు.

మొదటిది, నెలకొక ఆదివారం ఒక గది. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల, వేంపల్లె ఉర్దూ పంతుళ్ళు వంతుల వారీగా ఒక్కొక్క ఊరిలో కలుస్తాము. ఒకరు పాఠం చెబుతారు, మిగతావారు చూస్తారు. సంతకాలు, ఫారాలు, దండలు, సన్మానాలు వద్దు. నాలుగు చార్టులు, టీ చాలు. రెండవది, లెక్కలు, సైన్సు మాటలకు ఒక చిన్న పుస్తకం. నసబ్‌నుమా, హారం, డినామినేటర్ మూడూ పక్క పక్కన ఉండాలి. ఇంటి దక్కనీలో దానిని ఎలా చెప్పాలో కింద ఉండాలి. మాటలు మేము ఏరుతాము, అచ్చు సంఘం వేయించవలెను. మూడవది, ఏడాదికి రెండుసార్లు తల్లిదండ్రుల ముందే పిల్లల చేత ఒక పేజీ చదివించడం, ఒక లెక్క చేయించడం. పంతుళ్ళు నేర్చుకున్నారా లేదా అన్నదానికి అంతకు మించిన సర్టిఫికెట్ లేదు. పిల్లవాడికి చదవడం రాకపోతే ఆ ఆదివారాలు వృథా అని మేమే ఒప్పుకుంటాము.

“ఉర్దూ బడిలో వేస్తే వీడికి ఏమొస్తుంది సార్” అని తండ్రులు మమ్మల్ని అడుగుతున్నారు. వారిని తప్పు పట్టలేము. ఉపన్యాసాలతో వారికి జవాబు చెప్పలేము. వారి బిడ్డ చదివి చూపిస్తేనే అది జవాబు. భాష మీద ప్రేమతో బడి నిలవదు, బడి బాగుంటే భాష దానంతటదే నిలుస్తుంది.

మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వారికి దిగివచ్చిన తొలి ఆజ్ఞే చదవమని. అది పిల్లలకు మాత్రమే వచ్చిన ఆజ్ఞ అని మనం అనుకుంటున్నాము, పంతుళ్ళకు కూడా వర్తిస్తుంది. రెండు వందల ఏళ్ళ క్రితం ఈ గండి దారిన పోయిన దొర, పిల్లల కంటే ముందు అయివారికి నేర్పాలని వ్రాసి పెట్టిపోయాడు. ఆయన అనుకున్న ఇరవై ముస్లిం బడులు నిలవలేదు. మన నాలుగు ఊళ్ళ బడులయినా నిలబెట్టుకుందాము. వచ్చే నెల మొదటి ఆదివారం మా బడి తాళం మేమే తీసి ఉంచుతాము. మొదటి పాఠం మేమే చెబుతాము, ఆపా వెనుక బల్ల మీద కూర్చొని ప్రశ్నలు లెక్కపెడతామని మాట ఇచ్చారు.

అల్లాహ్ మనకు తెలియనిది నేర్చుకునే వినయాన్ని, తెలిసినది పంచే మనసును ప్రసాదించుగాక. ఆమీన్.